పొడి కోత

పామిడి,
మార్చి మొదటి వారం

చిరంజీవి విష్ణువర్ధన్‌కు,

నువ్వు సలహా అడిగే మనిషివి కావు. తప్పు చేసేశాక పక్కన నిలబడడానికి ఇంకొకరిని వెతుక్కునే మనిషివి. "అక్కా, కొత్తింటి వంట గట్టుకు ఏ రాయి వేస్తే బాగుంటాది?" అని ఫోనులో అంత మెత్తగా అడిగినప్పుడే నాకు తెలిసిపోయింది, రాయి ఎప్పుడో చెప్పేసి వచ్చావని.

అయినా అడిగావు కాబట్టి చెబుతాను. కాగితం మీదే చెబుతాను. ఫోనులో ఈ రోజు అన్న మాట నువ్వు రేపు అనలేదంటావు. నువ్వు సర్పంచిగా ఉన్నప్పుడు నేర్చిన విద్య అది, ఇంకా మరిచిపోలేదు. నువ్వూ రాసే జవాబివ్వు. ఫోను ఎత్తను. బుక్కరాయసముద్రం నుంచి పామిడికి బస్సులో ఒక కునుకు దూరమే, కానీ ఎన్నికలప్పుడు నీ గడప తొక్కనని చెప్పిన మాట మీద ఇంకా ఉన్నాను.

నల్ల గ్రానైటు వెయ్యి. మన జిల్లా కొండల్ని తొలిచి లారీలకెత్తుతున్న రాయి, మన ఇంట్లో ఉంటే తప్పేం లేదు. పసుపు పడినా, చింతపండు పులుసు ఒలికినా తుడిస్తే పోతుంది. సంగటి కుండను పొయ్యి మీద నుంచి దించి అట్లే పెట్టుకోవచ్చు. తాడిపత్రి బండ చవక, నూనె తాగుతుంది, నిజమే, కానీ అమ్మ బతుకంతా దాని మీదే గడిచింది. పాలరాయి వద్దు. నిమ్మకాయ కోసిన చోటల్లా మచ్చ పడుతుంది.

ఇక నీ మనసులో ఉన్న రాయి సంగతి. ఆ తెల్ల క్వార్ట్జు. అది కొండలో పుట్టింది కాదప్పా. రాతిపొడిని జిగురుతో కలిపి అచ్చు పోసినది. దాని మీద వేడి గిన్నె పెడితే జిగురు కాలుతుంది, మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఏం చేసినా పోదు. చూడ్డానికి ఆస్పత్రి బల్లలా ఉంటుంది. ఇవన్నీ నీ బాధలు, నువ్వు పడు. నా బాధ వేరే. దాన్ని కోసేటప్పుడు లేచే దుమ్ము గ్రానైటు దుమ్ము కంటే చెడ్డది. పీల్చినవాడి ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిపోతుంది. దానికి మందు లేదు. ఆస్ట్రేలియాలో ఆ రాయినే నిషేధించారు. మన దగ్గర దాన్ని "ఇటలీ ఫినిషింగు" అని అమ్ముతున్నారు.

వేస్తే నల్లది వెయ్యి. ఏది వేసినా నీళ్ళు పెట్టి కోయించు. పొడిగా కోయించావంటే, నీ వంటింట్లో కోసింది రాయిని కాదు.

ఇంతకీ కోసేది ఎవరు?

వనజాక్షి


బుక్కరాయసముద్రం,
మార్చి

అక్కకు నమస్కారం,

నీ ఉత్తరం అందినాది. నీ మరదలు అశ్వినికి సదివి వినిపించినా. ఆయమ్మ నవ్వి, "మీ అక్క బడిలో పిల్లోళ్ళకు సోషల్ చెప్పేటప్పుడు గూడా ఇట్లనే కొడతాదా?" అని అడిగినాది. నాకు నీ మాదిరి పుస్తకాల తెలుగు రాదు. నోటికొచ్చింది రాస్తాండా, కోపం చేసుకోవద్దు.

నువ్వన్న్యది నిజమే. రాయి ఎప్పుడో తెచ్చినా. తెల్లదే. మా మౌనిక ఫోన్లో బొమ్మ చూపిచ్చి ఇదే కావల్లన్న్యాది. బెంగుళూరులో పెద్ద కంపెనీలో ఉద్యోగం చేసే పిల్ల, దాని కోరిక దానిది. నల్లరాయి అంటే సమాధి మాదిరి ఉంటాదంట. మన తోటలో నాయనకు, ఓబక్కకు ఏసిన బండలు నల్లవే కదా. వంటింట్లో గూడా అదేనా అని అడిగినాది. నేనేం చెప్పల్ల?

నీళ్ళు పెట్టి కొయ్యమంటావు. యాడివక్కా నీళ్ళు? నువ్వు పామిడిలో పెన్న ఒడ్డున కూచోని చెప్తాండావు, ఆ ఏట్లో గూడా ఇసక తప్ప ఏమున్న్యాది. ఈడ బోరు ఎండి రెండేండ్లాయ. ట్యాంకరు వస్తే గోడలు తడపనీకే సాలదు. గోడలు తడపకుంటే పగుళ్ళిస్తాయి. నువ్వు కరపత్రం రాసినంత సులభం కాదు ఇల్లు కట్టేది.

కోసేది ఎవరని అడిగినావు. బయటోళ్ళెవురూ కాదు. మన పెద్దక్క ఓబక్క కొడుకు శ్రీకాంతు. బెంగుళూరులో అదే పని చేసినోడు కదా, వాని చెయ్యి పడితే అతుకు కనపడదు. పిలిచిన దినమే వచ్చినాడు. కూలి మాట ఎత్తితే కొట్టనీకే వచ్చినాడు. "మామా, మౌనిక వంటిల్లుకు నేను దుడ్లు తీసుకుంటానా?" అంటాడు. ఇంత మురిపెంగా పని చేసేవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. దుమ్ముకు మూతికి తువ్వాలు కట్టుకుంటాడు లే. నువ్వు దాని మీద ఒక మీటింగు పెట్టబాక.

గృహప్రవేశానికి రా. ఆడబిడ్డ వచ్చి పాలు పొంగిచ్చల్ల. నువ్వు రాకుంటే నలుగురూ నన్నే అంటారు.

నీ తమ్ముడు
విష్ణు


పామిడి,
ఏప్రిల్

విష్ణువర్ధన్‌కు,

శ్రీకాంత్ ఆదివారం వచ్చాడు. వాడు గడపలో నిలబడితే ఎవరో ముసలాయన అనుకున్నాను. తల, కనుబొమలు, చెవుల సందులు, అన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఏం రా, పిండిమరలో పడినావా?" అన్నాను.

"మామ వంటిల్లు చిన్నమ్మా. ఇంగ రెండు ముక్కలుండాయి. ఐపోతాది."

"నీళ్ళు పెట్టి కొయ్యచ్చు కదరా?"

"అడిగినా. నీ మిషనుకు పోస్తే గోడలకు సాలవు, గోడలు పగులుతాయన్న్యాడు మామ." నవ్వబోయాడు, దగ్గు అడ్డం వచ్చింది. అది తగ్గే వరకూ అరుగు పట్టుకుని వంగి ఉన్నాడు. "గోడలది న్యాయమే కదా చిన్నమ్మా. అవి శానా కాలం ఉండల్ల."

చెంబెడు మజ్జిగ ఇచ్చాను. ఒక గుక్కకూ ఇంకో గుక్కకూ మధ్య ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ముప్పై దాటని పిల్లవాడు, విష్ణూ. నువ్వు వాణ్ణి రోజూ చూస్తున్నావు, నాకంటే ఎక్కువ చూస్తున్నావు.

నా కోసం ఒక కానుక తెచ్చాడు. మిగిలిన తెల్లరాతి ముక్కను గుండ్రంగా కోసి, నున్నగా నూరి చపాతీ బల్ల చేశాడు. తర్వాత నీ వంటిల్లు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళికొడుకు పెళ్ళి బట్టల గురించి కూడా అట్లా చెప్పడు.

"గట్టు ఎత్తు మౌనిక మోచేతి లెక్కన పెట్టినా చిన్నమ్మా, సంగటి గెలికేటప్పుడు భుజం నొయ్యకుండా. అంచు గుండ్రంగా తిప్పినా, గాజులు తగిలితే పగలకుండా."

"మౌనిక సంగటి గెలుకుతుందా రా?"

"నేను గెలుకుతా లే. ఆ ఎత్తు ఇద్దరికీ సరిపోతాది."

ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయాను. ఎందుకు పోయానో నీకు తెలుసు. గార్లదిన్నెలో మన బంధువుల ఇంట్లో పోయిన నెలే విన్నాను, మౌనికకు బెంగుళూరు సంబంధం చూస్తున్నావని, కొత్తింట్లోనే చూపులు పెట్టుకున్నావని. ఆ తెల్ల గట్టు వాళ్ళు చూడడానికేనని.

ఓబక్క దినం నాడు, తోటలో సమాధి దగ్గర, తల్లి పోయి బిక్కచచ్చి నిలబడ్డ పిల్లాడి చేతిలో చెయ్యి వేసి, "మౌనిక నీదే రా అల్లుడా, నువ్వు దిగులు పడగాకు" అన్నావు. బంధువులంతా విన్నారు. ఆ మాట పట్టుకునే వాడు చదువు మానేసి నీ బోరు లారీల వెంట తిరిగాడు. ఆ మాట పట్టుకునే బెంగుళూరు పోయి రాళ్ళు కోశాడు. ఇప్పుడు నీ గట్టుకు అంచు తిప్పుతున్నాడు.

రెండు ప్రశ్నలు అడుగుతున్నాను, సూటిగా జవాబు రాయి. మౌనికను ఇవ్వడం లేదని వాడికి చెప్పావా? రెండోది, వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది నువ్వేనట. "మామే తోడకపోయినాడు చిన్నమ్మా, ఎదకు ఫోటో తీసినారు. డాక్టరు మామతో మాట్లాడినాడు. ఏం ల్యా, బీడీలు తాగొద్దన్న్యాడని మామ చెప్పినాడు. నేనెప్పుడు తాగినా?" అన్నాడు. డాక్టరు ఏం చెప్పాడు?

వనజాక్షి


బుక్కరాయసముద్రం,
ఏప్రిల్

అక్కా,

నన్ను బోనులో నిలబెట్టినట్లు అడుగుతాండావు. అట్లనే చెప్తా, విను.

మేనరికాలు వద్దని కరపత్రం అచ్చేసింది ఎవురు? ఆ మండలం ఈ మండలం అనకుండా తిరిగి పంచింది ఎవురు? దగ్గర రక్తంలో చేసుకుంటే పుట్టే పిల్లోళ్ళకు జబ్బులొస్తాయి, ఆడపిల్లను అడక్కుండా పుట్టినప్పుడే రాసిచ్చేది పాపం అని మైకులో అరిసింది ఎవురు? నువ్వే కదక్కా. ఆ పొద్దు నీ మాటకు నేను చప్పట్లు కొట్టినా. ఇప్పుడు నా కూతురి కాడికొచ్చేసరికి సమాధి, అల్లుడు, ఇచ్చిన మాట అన్నీ గుర్తుకొచ్చినాయా? మౌనికకు ఇష్టం ల్యా. వాణ్ణి అన్న మాదిరి చూస్తాదంట. నేను దాన్ని బలవంతం చెయ్యల్లనా? చేస్తే నా మీద ఇంగో కరపత్రం ఎయ్యవూ?

మౌనిక తనే ఫోను చేసి వానికి చెప్తానన్న్యాది. నేనే ఆపినా. పని ఐపోనీ పాపా, మధ్యలో చెప్తే వాడు మనసు పెట్టి చెయ్యడు, ఆ రాయి ఒకసారి తప్పు కోస్తే మళ్ళ దొరకదు అని చెప్పినా. ఇండ్లు కట్టినోడెవడైనా ఇదే చెప్తాడు.

ఇంగ డాక్టరు మాట. నీకు చెప్పకూడదనుకున్న్యా. నువ్వే అడిగిచ్చుకుంటాండావు. దీపావళికి ముందే చెప్పినాడు ఆయప్ప. ఊపిరితిత్తులు గట్టిపడినాయంట. మిషను మళ్ళ ముట్టగూడదంట, దుమ్ములో నిలబడగూడదంట. ఇంగ బాగయ్యేది లేదన్న్యాడు. నేను వానికేం చెప్పల్ల? చెప్తే ధైర్యం చెడిపోతాడు. తల్లి లేదు, తండ్రి ఎప్పుడో యాడికో పోయినాడు. ఉన్నదొక్కటే ఆశ. ఆ ఆశ నేనెందుకు తీసెయ్యల్ల?

నువ్వే ఆలోచన చెయ్యి. అట్లాంటి వానికి పిల్లనిస్తే, ఆడపిల్ల గొంతు కోసినావని ముందు నువ్వే అంటావు. ఎట్లైనా వాడు పొయ్యేవాడే. పొయ్యే ముందర మనింటికి ఒక మంచి పని చేసి పోతే వానికీ తృప్తే కదా. నేను అట్ల అనుకున్న్యా. నాలో చెడ్డ ఏం ల్యా.

మే నెలలో గృహప్రవేశం. కార్డు పంపిస్తాండా. నీ పేరు గూడా ఏయిచ్చినా.

విష్ణు


పామిడి,
మే

నీ ఉత్తరం శ్రీకాంతుకు చదివి వినిపించాను. ఒక్క ముక్క దాచకుండా వినిపించాను.

వాడు ఇక్కడే ఉన్నాడు కదా. గృహప్రవేశం ముందు రోజు నీ మెట్ల మీద కూలబడితే, శుభమా అని చేసుకునే ఇంట్లో జబ్బు మనిషి వద్దని నీ పెళ్ళాం అంటే, నువ్వు ఆటో ఎక్కించి పంపావు. వాడి చేతిలో ఒక స్వీటు డబ్బా పెట్టావు. ఆ తెలివి మాత్రం మరిచిపోలేదు. నేను అనంతపురం ఆస్పత్రికి తీసుకుపోయాను. ఆక్సిజన్ మిషను ఇంట్లో పెట్టుకోమన్నారు. అది కరెంటు మీద నడుస్తుంది.

మొత్తం విని, "దీపావళికి ముందా, ఎనకనా? మళ్ళొకసారి సదువు చిన్నమ్మా" అన్నాడు.

"ముందు" అన్నాను.

"ఐతే బండ తెచ్చేకంటే ముందే."

అంతే. ఏడవలేదు. ఏడ్చేందుకు కూడా ఊపిరి కావాలి. ముక్కులో గొట్టం సర్దుకుని, "మౌనిక చెప్తానన్న్యాది కదా, పాపం. దాని తప్పేం ల్యా" అన్నాడు. వాడికి ఉన్నపాటి న్యాయం నీ ఇంట్లో ఇంకెవరికీ లేదు.

మేనరికం మీద నేను రాసిన ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. మౌనిక ఎవరిని చేసుకోవాలో మౌనిక ఇష్టం. నా మాటను నువ్వు గొడ్డలిలా వాడుకోవద్దు. పెళ్ళి వద్దనడం సంస్కారం. పెళ్ళి ఆశ చూపించి పని చేయించుకోవడం వెట్టి. వాడికి మేత వెయ్యలేదు, మొక్కజొన్న కంకి చూపించి బండి లాగించావు. ఆ ఎద్దు పడిపోతుందని డాక్టరు చెప్పాక కూడా లాగించావు. ఊపిరాడని వాడి చేత, నీళ్ళు కూడా పెట్టనివ్వకుండా.

నీ గోడలు పగల్లేదు కదా? సంతోషం.

వనజాక్షి


బుక్కరాయసముద్రం,
మే

గౌరవనీయురాలైన అక్కయ్య గారికి,

నువ్వు తిట్టినవన్నీ పడతా. తప్పు నాదే అనుకో. పెద్దదానివి, కొట్టినా పడతా. కానీ ఒక చిక్కు వచ్చినాది, నువ్వు మనసు పెద్దది చేసుకోవల్ల.

గృహప్రవేశానికి నువ్వు రాలేదు. ఆడబిడ్డ లేకుంటే పాలు ఎవురు పొంగియ్యల్ల అని అందరూ మొగాలు చూసుకున్న్యారు. పూజారి తొందర పెడతాండాడు. అశ్విని వాళ్ళ వదిన ముందుకొచ్చి పొంగిచ్చినాది. పాలు పొంగినాక ఆయమ్మ ఆ ఇత్తడి గిన్నెను దించి, వాళ్ళింట్లో గట్టు మీద పెట్టినట్లు సరాసరి తెల్ల బండ మీద పెట్టింది. అందరూ దండం పెట్టుకునేంతసేపు ఆడనే ఉన్న్యాది. తీసి చూస్తే ఏమున్న్యాది, పళ్ళెమంత మచ్చ. పచ్చగా, అంచు ఎర్రగా. సోడా పెట్టి రుద్దినాము, నిమ్మకాయ రుద్దినాము, ఆసిడ్ పోసినాము. ఎక్కువైంది గానీ తగ్గలేదు. వేడి పెట్టగూడదని నువ్వు రాసినావు, నాకు గుర్తుండాది. ఆయమ్మకు చెప్పేది మర్చిపోయినా. నువ్వొచ్చింటే ఆడ పెట్టింటివా అక్కా? ఆలోచన చెయ్యి. దీంట్లో నీ తప్పు గూడా కొంచెం ఉండాది.

వచ్చే శుక్రవారం బెంగుళూరు వాళ్ళు చూపులకు వస్తాండారు. అశ్విని అన్నం ముట్టలేదు. పాలు పొంగిచ్చిన చోటనే కాలింది, అపశకునం అంటాది. మచ్చకాడికి కోసేసి వేరే ముక్క అతికించల్ల. అంగట్లో అడిగితే ఆ లాటు ఐపోయినాదంట, కొత్తది తెస్తే తెలుపు తేడా వస్తాదంట. ఆ లాటు ముక్క ఒకటే మిగిలుండాది. శ్రీకాంతు నీకిచ్చిన చపాతీ బల్ల.

దాన్ని పంపు. నీకు గ్రానైటుది మంచిది చేయించిస్తా. ఇంగొకటి. వీలైతే శ్రీకాంతును గూడా ఒక్క పూట పంపు. వాడు మిషను ముట్టాల్సిన పన్లేదు. నేనంత పాపిష్టోణ్ణి కాదు. ఎర్రిస్వామి అని ఇంగో పనోడు వచ్చినాడు, వాడు కోస్తాడు. శ్రీకాంతు కుర్చీలో కూచోని అతుకు యాడ పడల్లో చెయ్యి చూపిస్తే సాలు. ఏసీ కారు పంపిస్తా.

నీ తమ్ముడు
విష్ణువర్ధన్


పామిడి,
మే నెలాఖరు

మాజీ సర్పంచి విష్ణువర్ధన్ గారికి,

మీ కోరిక శ్రీకాంతుకు చెప్పాను. నవ్వాడు. ముక్కులో గొట్టాలతో నవ్వడం ఎట్లా ఉంటుందో వచ్చి చూడండి. "అతుకు దాగదు చిన్నమ్మా. ఆ రాయి ఒకసారి కాలినాక అంతే. మామకు చెప్పు, దాని మీద ఏదైనా కుండ పెట్టుకోమను" అన్నాడు. అడగ్గానే పని సలహా చెప్పేశాడు. వాడి బుద్ధి అది.

చపాతీ బల్ల పంపడానికి వీలు కాదు. మా గది నేల ఎగుడుదిగుడు. ఆక్సిజన్ మిషను ఊగకుండా ఉండడానికి ఒక కాలి కింద ఆ రాయి పెట్టాం. మీ ఇంట్లో అది మచ్చ కప్పాలి, మా ఇంట్లో అది ఊపిరిని నిలబెడుతోంది. ఎక్కడ ఉండాలో మీరే చెప్పండి.

ఇక అసలు మాట. పామిడిలో కరెంటు పోతోంది. పోయినప్పుడల్లా మిషను ఆగుతుంది. ఆగిన నిమిషం నుంచి వాడి పెదాలు నేరేడు రంగుకు తిరుగుతాయి. నేను విసనకర్ర పట్టుకుని కూర్చుంటాను. ముప్పై ఏళ్ళు ఉపన్యాసాలు ఇచ్చిన నా చేతిలో ఇప్పుడు ఉన్నది తాటాకు విసనకర్ర ఒక్కటే. ఆస్పత్రిలో మంచం ఖాళీ లేదు, ఇంట్లోనే చూసుకోమన్నారు. మీ కొత్తింటి పైకప్పు నిండా సోలారు పలకలున్నాయి, కింద బ్యాటరీలున్నాయి. ఊరంతా చీకటైనా మీ ఇంట్లో ఫ్రిజ్జు ఆగదు.

"ఆ ఇంటికి పోతావా రా?" అని వాణ్ణి అడిగాను. పోనంటాడని అనుకున్నాను. అనాలని కూడా కోరుకున్నాను.

"కరెంటు పోదంటే యాడికైనా పోతా చిన్నమ్మా. రోషం ఊపిరున్నోళ్ళకు" అన్నాడు.

కాబట్టి నా రోషం కూడా మడిచి పక్కన పెడుతున్నాను. వాడితో పాటు నేను కూడా వస్తాను, మీ గడప తొక్కుతాను. బతిమాలడానికి అనుకుంటే పొరపాటు. మీ ఏప్రిల్ ఉత్తరం, మీ చేతి రాతతో, నా దగ్గర భద్రంగా ఉంది. కింద రాసినవి శుక్రవారం లోపల జరగకపోతే దాన్ని ఉన్నది ఉన్నట్టు కరపత్రం వేస్తాను. మౌనిక పేరు తీసేస్తాను. మీ పేరు ఉంచుతాను. అచ్చాపీసు నాకు కొత్త కాదని మీకు తెలుసు.

మా డిమాండ్లు:

1. వంటింటి పక్క గది శ్రీకాంతుది. బ్యాటరీ వైరు ముందు ఆ గదికి, తర్వాతే ఫ్రిజ్జుకు.

2. ఏసీ కారు పంపుతానన్నారు కదా, పంపండి. మిషనును కూడా ఎక్కించుకోవాలి. మీరు కూడా ఆ కారులోనే రావాలి.

3. మౌనికను ఇవ్వడం లేదని వాడికి మీ నోటితో చెప్పాలి. మౌనికను అడ్డం పెట్టుకోకూడదు.

4. డాక్టరు చెప్పింది దీపావళికి ముందే తెలుసని వాడి ఎదుట ఒప్పుకోవాలి. వాడికి క్షయ అని ఊళ్ళో చెప్పిస్తున్నారు, అది ఆపాలి.

5. పెళ్ళిచూపులు జరుపుకోండి. ఆ సమయానికి వాణ్ణి దొడ్డివైపు పంపకూడదు. గది తలుపు మూయకూడదు.

6. గట్టు మీద మచ్చ అట్లే ఉండాలి. ఎర్రిస్వామిని వెనక్కి పంపండి. ఆ రాయిని ఇంకెవరూ కోయకూడదు.

7. రోజూ గది ఊడ్చే ముందు నీళ్ళు చల్లాలి. ట్యాంకరు నీళ్ళయినా సరే.

వనజాక్షి